అనాది వయసెంత?

“మానవ హక్కులా? మన పూర్వీకులు ఎప్పుడో చెప్పేశారు” అని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అనకమానరు. ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. బాబిలోన్ తవ్వకాల్లో 1879లో దొరికిన పర్షియా చక్రవర్తి సైరస్ మట్టి శాసనమే ప్రపంచంలో తొలి హక్కుల పత్రమని చాటి, ఇరాన్ షా 1971లో దాని నకలును ఐక్యరాజ్యసమితికి కానుకగా ఇప్పించాడు. తీరా చదివితే ఏముంది? మర్దుక్ దేవుడు తననే ఎంచుకున్నాడనీ, తరలించిన విగ్రహాలను మళ్లీ వాటి గుళ్లకు చేర్చాననీ ఒక విజేత చెప్పుకున్న గొప్పలు. బానిసల విడుదల ఊసే లేదు.

హక్కు పాత రాతల్లోంచి ఊడిపడదు. ఆ రాతలు గడప బయట నిలబెట్టినవాళ్లు ‘మరి మేమో?’ అన్నప్పుడు పుడుతుంది. 1789 నాటి ఫ్రెంచి మానవ హక్కుల ప్రకటనలో ఆడవాళ్లకు చోటేదని రచయిత్రి ఒలింప్ ద గూజ్ 1791లో పోటీ ప్రకటన రాసింది. రెండేళ్లకు రాజకీయ రాతల నేరం మోపి ఆమె తల తీశారు.

మహారాష్ట్రలోని మహాడ్ ఊరి సంగతి మనకు ఇంకా దగ్గరిది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులూ చెరువులూ అంటరానివారికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. చవదార్ చెరువు అందరిదీ అని అక్కడి మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది, కాగితం మీద. పశువులు తాగే ఆ నీటిని 1927 మార్చి 20న అంబేద్కర్, ఆయన వెంట నడిచిన జనం దోసిళ్లతో తాగారు. ఆ రోజే వాళ్లమీద కర్రలు లేచాయి. తర్వాత చెరువుకు శుద్ధి జరిగింది. 108 కుండల నీళ్లు తోడిపోశారు. పాలు, పెరుగు, పేడ, గోమూత్రం నింపిన కుండలను చెరువులో ముంచుతూ పురోహితులు మంత్రాలు చదివారు. పేడ కలిపితే శుద్ధి, మనిషి చెయ్యి తగిలితే మైల! తాగే నీళ్లలో ఏం కలుస్తోందని ఊళ్లో ఒక్కరైనా అడిగారో లేదో.

అదే ఏడు డిసెంబరు 25న అంబేద్కర్, ఆయన అనుచరులు అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. నీళ్ల జోలికి మాత్రం వెళ్లలేదు, సవర్ణులు వేసిన దావాలో అప్పటికే కోర్టు దాన్ని తాత్కాలికంగా ఆపింది. ఈ చెరువు అనాదిగా మాదే, ఆచారం అంతే అన్నది సవర్ణుల వాదం. ఆచారాన్ని మామూలుగా ఎవరూ సాక్ష్యం అడగరు, దాని బలమంతా అదే. కోర్టు అడిగింది. ఎప్పటినుంచి? ఎవరు చూశారు? అనాది నుంచీ ఉందనడానికి రుజువు లేదని 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు తేల్చేసింది. చెరువు మునిసిపాలిటీదేనంది. దోసెడు నీళ్లు తాగి అప్పటికి పదేళ్లయింది.