రైనియర్ దొరగారి పదో వంతు

పీటర్ రైనియర్ అనే ఇంగ్లీషు అడ్మిరల్ 1808 ఏప్రిల్ 7న లండన్‌లో కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోలేదు. వదిలిపోయిన ఆస్తి సుమారు రెండున్నర లక్షల పౌండ్లు. అందులో పదో వంతు తన దేశం అప్పు తీర్చడానికి వీలునామాలో రాసిపెట్టాడు. ఇంగ్లీషువాళ్ళ జీవితచరిత్రల్లో ఈ ముక్క మహా గౌరవంగా కనిపిస్తుంది. ఎంత త్యాగం, ఎంత దేశభక్తి అని. మన గోదావరి జిల్లాల్లో దీనికో మాటుంది: అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని.

ఎందుకంటే ఆ సొమ్ము ఆయన పుట్టిన కెంట్ జిల్లా శాండ్విచ్ ఊళ్ళో పండింది కాదు. 1794 నుంచి 1805 దాకా, పదకొండేళ్ళపాటు, ఆయన ఈస్ట్ ఇండీస్ స్టేషన్‌కి ప్రధాన సేనాధిపతి. అంటే మద్రాసు, మచిలీపట్నం, కోరింగ, విశాఖపట్నం, అటు సింహళం, ఆ పైన మసాలా దీవులు, చైనా సముద్రం దాకా ఇంగ్లీషు రాజుగారి యుద్ధనౌకలన్నీ ఆయన చెప్పుచేతల్లో ఉండేవి. జీతంతో అంత ఆస్తి ఎవడూ కూడబెట్టలేడు. 1797లో ఇంగ్లీషు నావికులు తిరుగుబాటు చేసి జీతం పెంచుకున్నాక కూడా, పని తెలిసిన నావికుడికి నెలకి పౌనున్నర లోపే. ఆ లెక్కన రెండున్నర లక్షల పౌండ్లు గడించాలంటే ఒక నావికుడు తినకుండా, తాగకుండా పదమూడు వేల ఏళ్ళకు పైనే తెడ్డు వెయ్యాలి.

ముందు ఆయన ఉద్యోగపర్వం వాళ్ళు చెప్పుకునే తీరులోనే చెప్తాను, నిష్ఠూరం లేకుండా. 1756లో, పద్నాలుగేళ్ళ వయసులో నౌకాదళంలో చేరాడు. 1758లో మన తీరానికొచ్చి టైగర్ అనే ఓడలో పనిచేశాడు. ఆ ఏడాది డిసెంబరులోనే చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, మరుసటి వేసవికి మచిలీపట్నం కోట పోయింది, ఉత్తర సర్కార్లు ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడడానికి దారి తెరుచుకుంది. మీసం రాని ఆ కుర్రాడు ఇక్కడి సముద్రం మీదే ఉద్యోగం నేర్చుకున్నాడు. అమెరికా యుద్ధకాలంలో ఓ అమెరికన్ దోపిడీ ఓడను పట్టుకుంటూ గాయపడ్డాడు. తర్వాత బర్‌ఫర్డ్ ఓడకి కెప్టెన్‌గా మళ్ళీ ఈ తీరానికే వచ్చి, 1782, 83లలో ఫ్రెంచి అడ్మిరల్ సఫ్రెన్‌తో జరిగిన వరుస యుద్ధాల్లో పాల్గొన్నాడు. మూడోసారి వచ్చింది 1794లో, సేనాధిపతిగా. ధైర్యం లేనివాడని నేనననండి. సముద్రం తెలిసినవాడే. పోట్లాడాల్సిన చోట పోట్లాడాడు.

గొడవంతా ఆ పోట్లాటకి కట్టిన ధరలో ఉంది.

ఆ రోజుల్లో ఇంగ్లీషు నౌకాదళం శత్రువు ఓడని పట్టుకుంటే, ఓడనీ సరుకునీ అమ్మి, ఆ సొమ్ముని ఎనిమిది వంతులు చేసేవారు. కెప్టెన్‌కి మూడు వంతులు. ఆ మూడింట్లో ఒకటి అడ్మిరల్‌ది. ఓడలో వందలమంది మామూలు నావికులు, వాళ్ళందరికీ కలిపి రెండు వంతులు. మిగతావి మధ్యన ఉన్న అధికారులవి. ఇందులో చూడాల్సిన సంగతి ఒకటుంది. అడ్మిరల్ అక్కడ ఉండక్కర్లేదు. మద్రాసులో కూర్చుని ఉత్తరాలు రాసుకుంటున్నా సరే, తన స్టేషన్‌లో ఎక్కడ ఏ ఓడ పట్టుబడినా ఎనిమిదో వంతు నడుచుకుంటూ ఇంటికొచ్చేది. పదకొండేళ్ళూ దాదాపు యుద్ధంలోనే గడిస్తే ఆ వంతు ఎంతవుతుందో వీలునామాయే చెప్తోంది.

అన్నిటికంటే పెద్ద పంట 1796లో. హాలెండు ఫ్రెంచివాళ్ళ కిందికి పోయింది కదా అని డచ్చివాళ్ళ స్థావరాల మీద ఇంగ్లీషువాళ్ళు పడ్డారు. 1795 ఆగస్టులో ట్రింకోమలీ. ఆ తర్వాత రైనియర్ స్వయంగా ఓడలేసుకుని తూర్పుకి పోయి ఫిబ్రవరిలో అంబోయినా, మార్చిలో బాందా దీవులు పుచ్చుకున్నాడు. పెద్ద యుద్ధమేమీ లేదు. అంబోయినా గిడ్డంగుల్లో దొరికిన లవంగాలు 5,15,940 పౌన్ల బరువు, అంటే దాదాపు 234 టన్నులు. బాందాలో జాజికాయ 84,777 పౌన్లు, జాపత్రి 19,587 పౌన్లు. ఖజానాల్లో వెండి నాణేలు వేరే. ఈ లెక్కలన్నీ ఇంగ్లీషు నౌకాదళ చరిత్రకారులే పౌను పౌను తూచి రాసిపెట్టారు. ఒక్కో కెప్టెన్‌కి పదిహేను వేల పౌండ్లు ముట్టాయట. కూరలో నాలుగు లవంగాలు వేసుకోవడానికి పండగదాకా ఆగే కొంపల్లో పెరిగిన నాకు 234 టన్నులంటే ఊహకి కూడా అందదు. ఆ ఓడల్లో మద్రాసు సైన్యం సిపాయీలు కూడా వెళ్ళారు. మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్ళు ఎందరో. అడ్మిరల్ జీవితచరిత్రలో వాళ్ళ పేర్లకి చోటెక్కడ?

ఇంక 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నంలో జరిగింది చూడండి. రేవులో రెండు వర్తక నౌకలు, బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్, సరుకు ఎక్కించుకుంటున్నాయి. వాటికి కాపలా సెంచూరియన్ అనే యాభై ఫిరంగుల యుద్ధనౌక. దాని అసలు కెప్టెన్ ఎవరనుకున్నారు? జాన్ స్ప్రాట్ రైనియర్. అడ్మిరల్ గారికి దగ్గరి బంధువు. మేనల్లుడో అన్న కొడుకో ఓడకెక్కితే పైకొచ్చేస్తాడన్నది మన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో పుట్టిన విద్య కాదన్నమాట. ఆయనకి ఒంట్లో బాగాలేక జేమ్స్ లిండ్ అనే ఆయన బదులు వచ్చాడు. ఆ పొద్దున ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మారెంగో అనే పెద్ద ఓడతో, ఇంకో రెండు ఫ్రిగేట్లతో వచ్చిపడ్డాడు. లిండ్ ఆ వేళకి ఒడ్డునే ఉన్నాడు. ఓడలో ఉన్న లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరాటం మొదలుపెట్టాడు, లిండ్ పడవలో పోయి తర్వాత కలిశాడు. బార్నబీ కెరటాల్లో ఒడ్డుకి కొట్టుకుని పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివాళ్ళకి చిక్కింది. సెంచూరియన్ మాత్రం చిల్లులు పడి కూడా లొంగలేదు. ఇంగ్లండులో దాన్ని విజయమన్నారు. లిండ్ తర్వాత ‘సర్’ అయ్యాడు.

విజయం సరే. కాపలా కాయాల్సిన రెండు ఓడల్లో ఒకటి ముక్కలైంది, ఒకటి పట్టుబడింది. అసలీ లినోయ్ ఏడాది కిందటే, 1803 జూలైలో, పుదుచ్చేరి దగ్గర రైనియర్ ఓడలు పక్కనే లంగరేసి ఉండగా రాత్రికి రాత్రి జారుకున్న మనిషి. ఆ జారుకున్నవాడే విశాఖ మీదికొచ్చాడు. ఇదే పొరపాటు ఓ పంచాయతీ కాలవ లాకు కాపలావాడు చేస్తే ఉద్యోగం ఊడుతుంది. అడ్మిరల్ గారు మాత్రం ఇంటికెళ్ళి, పైమెట్టు ఎక్కి, 1807లో సొంతూరు శాండ్విచ్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు.

ఆ పదకొండేళ్ళూ మన డెల్టాలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడాలి. మా అత్తిలిలో రైలెక్కితే భీమవరం మీదుగా గంటన్నర, రెండు గంటల్లో పాలకొల్లు, నరసాపురం. పాలకొల్లులో డచ్చివాళ్ళు 1613లోనే ఫ్యాక్టరీ పెట్టారు. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ బట్టలు కొనేది. ఈ తీరం నేతబట్ట ప్రపంచమంతా తిరిగింది. ఆ నేసినవాడేమో కంపెనీ గుమాస్తా ఇచ్చిన అడ్వాన్సుకి మగ్గంతో సహా కట్టుబడిపోయాడు. రైనియర్ రావడానికి రెండు మూడేళ్ళ ముందు సర్కార్లలో ఘోరమైన కరువు. అంతకుముందు 1789 డిసెంబరులో కోరింగని ఉప్పెన మింగేసింది. 1802, 03లలో శాశ్వత శిస్తు వచ్చింది. కంపెనీ సొంత భూముల్ని ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం వేశారు. అదే 1802లో కోరింగలో ఎబెనేజర్ రోబక్ అనే దొర ఓడల మరమ్మత్తుకి డాకు కట్టించాడు. జనానికి నీటి చుక్క లేదు గాని ఓడలకి డాకు తయారైంది.

ఇక్కడికొచ్చేసరికి మా వైపు పెద్దలు ఒక మాట అడ్డేస్తారని నాకు తెలుసు. “ఇంగ్లీషువాళ్ళని మరీ అంత తిట్టకు బాబూ, కాటన్ దొర ఆనకట్ట కట్టకపోతే నువ్వు అన్నం తినేవాడివా?” అంటారు. తినేవాణ్ణి కాదు. గోస్తనీ కాలవ గట్టున పుట్టినవాణ్ణి, కాటన్ విగ్రహానికి దండ వేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణే. కాని ఆ మాటే లెక్క తీయించింది నాచేత. ధవళేశ్వరం ఆనకట్టకి కాటన్ వేసిన మొదటి అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. పౌనుకి పది రూపాయల చొప్పున నలభై ఏడున్నర వేల పౌండ్లు. రైనియర్ ఆస్తి రెండున్నర లక్షలు. ఒక్క నౌకాధికారి వెనకేసుకున్నది ఐదు ఆనకట్టల అంచనా! పని మొదలయ్యాక ఖర్చు పెరిగిన మాట నిజం, నలభై ఏళ్ళలో ధరలు మారిన మాటా నిజం. తగ్గించండి, మూడనుకోండి, రెండే అనుకోండి. ఆ రెండు ఆనకట్టల సొమ్ము చేతిలో ఉన్న సామ్రాజ్యం, కరువులూ ఉప్పెనలూ జనాన్ని ఊడ్చేశాక, 1847 దాకా గోదావరికి అడ్డుకట్ట వెయ్యడానికి రూపాయి తీయలేదు. కాటన్ ఆ రూపాయి కోసం పైవాళ్ళతో ఎంత పోట్లాడాడో అందరికీ తెలిసిందే. కాటన్‌ని చూపించి రైనియర్‌ని మాఫీ చెయ్యమనడం అన్యాయం, అందులోనూ మొదట కాటన్‌కి అన్యాయం.

“ఆ రోజుల్లో అది చట్టబద్ధమే కదా, అందరూ తీసుకున్నారు కదా” అనేది రెండో మాట. అవును, చట్టమే. రైనియర్ దొంగ అయ్యుంటే ఈ వ్యాసం అక్కర్లేదు, దొంగలు ఎక్కడైనా ఉంటారు. ఒక దేశం రాజుగారి ముద్ర వేసి, వంతులు కట్టి, రసీదు రాసి, దూరతీరాల సొత్తుని తన అధికారుల జేబుల్లో పోసింది. ఆ అధికారుల్లో ఒకాయన అందులోంచి పదో వంతు తీసి మళ్ళీ ఆ దేశానికే ఇస్తే దాతృత్వం అని రాసింది. ఫ్రెంచివాళ్ళు మాత్రం మంచివాళ్ళా అంటే, లినోయ్ వచ్చిందీ సరుకు కోసమే. రెండు గద్దలు కొట్టుకుంటే ఒక గద్దకి పతకం వేస్తారు, అంతే.

ఇప్పుడు మన సంగతి. తణుకులోనో, భీమవరంలోనో, మా అత్తిలిలోనో ఏ వీధిలో చూసినా సియాటిల్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న పిల్లో పిల్లాడో ఉంటారు. వేసవిలో అమ్మానాన్నల్ని తీసుకెళ్తారు. షష్ఠి తీర్థంలో ఫొటో దిగినంత ఉత్సాహంగా మంచుకొండ ముందు నిలబెట్టి ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. కింద రాస్తారు: మౌంట్ రైనియర్, 14,410 అడుగులు. ఆ రైనియరే ఈ రైనియర్. 1792లో జార్జి వాంకూవర్ ఓడలో అటుగా పోతూ తన స్నేహితుడి పేరు ఆ కొండకి తగిలించాడు. పేరుగల ఆసామీ ఆ కొండని కళ్ళతో చూడలేదు. వేల ఏళ్ళుగా దాని నీడలో బతికిన ప్యుయాలప్ తెగవాళ్ళనీ మిగతా తెగలనీ ఎవరూ అడగలేదు. పేరు మార్చాలా వద్దా అనేది వాళ్ళ పోరాటం, నేను తలదూర్చను. ఆ కొండ ముందు నవ్వుతూ నిలబడ్డ మన పిల్లలకి, ఆ పేరుగల మనిషి తమ ముత్తాతల తీరం మీద పదకొండేళ్ళు కాపురం చేశాడని ఒక్క తెలుగు పుస్తకమైనా చెప్పాలా వద్దా? ఇందులో పిల్లల తప్పేం లేదు. తప్పు రాసేవాళ్ళది, నాతో సహా పాఠాలు కూర్చేవాళ్ళందరిది.

మనకి సముద్రచరిత్ర లేదని అనుకోవడం ఓ అలవాటైపోయింది. ఉంది. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయీల్ని ఓడెక్కి మద్రాసు పోయి హైదరలీతో యుద్ధం చెయ్యమన్నారు. ఎక్కం అన్నారు. తిరగబడ్డారు. ఇంగ్లీషు అధికారులు కొందరు చచ్చిపోయారు. 1857కి డెబ్భై ఏడేళ్ళ ముందు మాట ఇది. మంగళ్ పాండే పేరు తెలియని పదో తరగతి పిల్లాడు లేడు, ఈ విశాఖ సిపాయీల సంగతి ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి. ఇంగ్లీషు అడ్మిరల్‌కేమో పద్నాలుగేళ్ళప్పుడు ఎక్కిన ఓడ పేరు దగ్గర్నుంచి వీలునామా దాకా అన్నీ నమోదై ఉన్నాయి.

నేను అడిగేది చాలా చిన్నది. విగ్రహాలొద్దు, పేర్లు చెరపొద్దు, సభలొద్దు. ఏడో తరగతి లెక్కల పుస్తకంలో భిన్నాల పాఠం ఉంటుంది కదా, అక్కడ లడ్డూలూ పిజ్జా ముక్కలూ తీసేసి ఒక లెక్క ఇవ్వండి. ఒక ఓడ, అందులోని సరుకు కలిపి 40,000 పౌండ్లకి అమ్మారు. ఎనిమిదో వంతు మద్రాసులో ఉన్న అడ్మిరల్‌ది. ఎనిమిదింట రెండు వంతులు, ఆ ఓడని పట్టుకున్న 300 మంది నావికులది. అడ్మిరల్‌కి ఎంత? ఒక్కో నావికుడికి ఎంత? ఆ సరుకు నేసినవాడికి, పండించినవాడికి ఎంత? మొదటి జవాబు 5,000. రెండోది 33, మీద కొన్ని షిల్లింగులు. మూడో జవాబు పిల్లలే రాస్తారు.