గ్రామసభలోంచి ఈడ్చేస్తే కోర్టుకెక్కాలా?

ఆరేళ్ళ క్రితం మా ఊరి గ్రామసభలో, బెల్టు షాపు ఎవరి అండతో నడుస్తోందని అడిగాను. సర్పంచి స్త్రీయే, మైకు మాత్రం ఆమె భర్త చేతిలో ఉంది. "అది ఎజెండాలో లేదు, కూర్చోమ్మా" అన్నాడు. నేను కూర్చోలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఇద్దరూ మగవాళ్ళే, చెరో రెక్కా పట్టుకుని బయటికి ఈడ్చారు. తర్వాత మినిట్సు పుస్తకం చూస్తే "సభ ప్రశాంతముగా ముగిసినది" అని రాసి ఉంది.

నేను కేసు వెయ్యలేదు. పరువు పోతుందన్నారు ఇంట్లోవాళ్ళు. ఏం ఒరుగుతుందన్నారు బయటివాళ్ళు. మొన్న మా సంఘంలో ఇంకో అమ్మాయికి అదే జరిగింది. "అక్కా, కేసు వెయ్యనా?" అని అడుగుతోంది. వెయ్యమనే అంటున్నాను. నాకు ఈ ధైర్యం ఇచ్చింది అమెరికాలోని ఒక కేసు.

ఫ్లోరిడాలో రివియెరా బీచ్ అనే పట్టణం ఉంది. ఫేన్ లోజ్‌మన్ అనే మాజీ మెరైన్ అధికారి అక్కడి రేవులో, నీటిమీద తేలే ఇంట్లో ఉండేవాడు. తీరంలోని ఇళ్ళు తీసుకుని ప్రైవేటు కట్టడాలకు ఇచ్చే పథకాన్ని ఆయన ఎదిరించాడు. బహిరంగ సమావేశాల చట్టాన్ని మీరారని 2006లో పట్టణ పాలకుల మీద దావా వేశాడు. ఆ జూన్‌లోనే కౌన్సిల్ తలుపులు మూసుకుని సమావేశమైంది. దావాలు వేసినవాళ్ళని బెదరగొట్టాలన్న మాట ఒక సభ్యురాలి నోటినుంచి వచ్చింది. నవంబరు సభలో, ప్రజలు మాట్లాడే సమయంలో లోజ్‌మన్ లేచి ఒక మాజీ అధికారి అరెస్టు గురించి ఎత్తాడో లేదో, ఆపమన్నది ఆ సభ్యురాలే. (కుర్చీలో స్త్రీ ఉంటే చాలనుకునేవాళ్ళం ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.) ఆయన ఆపలేదు. పోలీసులు బేడీలు వేసి తీసుకుపోయారు. ఆ కేసు నిలవదని ప్రాసిక్యూటర్లే వదిలేశారు.

ఆయన మళ్ళీ దావా వేశాడు. పందొమ్మిది రోజుల విచారణ తర్వాత జ్యూరీ పట్టణం పక్షానే చెప్పింది. పైకోర్టూ అంతే. అరెస్టుకు చట్టంలో ఏదో ఒక ఆధారం ఉంది కదా అన్నారు. 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో ఆ తీర్పును కొట్టేసింది. అరెస్టుకు ఆధారం ఉన్నంతమాత్రాన, ముందే అనుకుని కక్ష తీర్చుకున్నారా అనే ప్రశ్న మూతపడదు అంది. ఇది సంపూర్ణ విజయం కాదు. మరుసటి ఏడాదే ఇంకో కేసులో, విడిగా ఒక పోలీసు మీద వేసే దావాలకు ఈ దారి బాగా ఇరుకైపోయింది. కానీ ఆ మూసిన తలుపుల వెనక మాటలకు రాతప్రతి మిగిలి ఉండడం లోజ్‌మన్‌కు ఎంత బలమైందో చూడండి.

మనల్ని ఈడ్చేవాళ్ళ దగ్గర కూడా ఎప్పుడూ ఒక ఆధారం ఉంటుంది. శాంతిభద్రతలు, సభకు అంతరాయం. అంతరాయమా కాదా అని వాదిస్తూ కూర్చుంటే వాళ్ళ గీతలోనే నడుస్తాం. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, అంతకుముందు ఆమె మీద ఏమనుకున్నారు అన్నది మనం అడగాలి. పైగా 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళే గ్రామసభ. ఆ అమ్మాయి సభ చూడ్డానికి వచ్చిన మనిషి కాదు, సభలో భాగం.

పరిహారం వస్తుందా? కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న ఒరిస్సా తల్లి నీలబతి బెహరా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు రిట్‌గా తీసుకుని 1993లో లక్షా యాభై వేలు ఇప్పించింది. అది ప్రాణం పోయిన కేసు. రెక్క పట్టుకు ఈడ్చినందుకు కోర్టు అంత తొందరగా కదులుతుందని నేను ఆశ పెట్టను. లోజ్‌మన్‌కు పన్నెండేళ్ళు పట్టింది. మా అమ్మాయికి ఒక్క వాయిదాకు వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. ఆ కూలి సంఘం ఇవ్వాలని, ప్రతి వాయిదాకూ ఒకరం తోడు వెళ్ళాలని మొన్నటి మీటింగులో తీర్మానించుకున్నాం. పక్కనున్న నలుగురు ఆడవాళ్ళు చూసింది చూసినట్టు రాసి వేలిముద్రలు వేశారు. మినిట్సు నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. ఈసారి అందులో ఏమని రాశారో ఇంకా తెలీదు.