కొలుచుటకు ముందు చూడవలెను



మొక్కజొన్న పాలుపోసికొను దినములు, వేరుశనగ ఊడలు దిగి కాయ కట్టు దినములు వచ్చినవనగా మన గ్రామములలో రైతునకు నిద్ర యుండదు. ప్రొద్దు గ్రుంకగనే మంచె నెక్కినవాడు తెల్లవారుదాక డబ్బా కొట్టుచు, కేకలు వేయుచు గడుపును. ఒక్క కునుకు పట్టెనా, అడవిపందుల గుంపు దిగి నాలుగు నెలల కష్టమును ఒక్క జాములో త్రవ్విపోయును. ఈ బాధ నెరుగనివాడు మన సంఘమున లేడు.

ఈ కారణముననే గడచిన సమావేశమున కొందరు యువసభ్యులు ఒక ప్రతిపాదన తెచ్చిరి. అనుమతి పొంది పందులను కాల్చవచ్చు వారికిని, మంచెకాపలావారికిని పనికివచ్చునట్లు సంఘపు ఉమ్మడినిధినుండి దూరము కొలుచు దుర్భిణి నొకదానిని కొనవలెనని వారి కోరిక. వారి ఉత్సాహము మెచ్చదగినదే. ఆ వస్తువును గూర్చి మాత్రము నాకు వేరభిప్రాయము కలదు. సభ్యుల విమర్శకై దాని నిచట వ్రాయుచున్నాను.

మొదట చట్టమును మరువరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశమున వేట నిషిద్ధము. పంటను పాడుచేయు అడవిపంది విషయమున మాత్రము ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, అధికారము పొందిన ఉద్యోగి గాని కారణములు తెలిపి, ప్రదేశము నిర్ణయించి, వ్రాతమూలముగ ఉత్తరువిచ్చినచో ఆ మేరకు కాల్చవచ్చును. 2022లో సవరింపబడి 2023 ఏప్రిలు 1 నుండి అమలైన చట్టమున అడవిపంది రెండవ షెడ్యూలులో నున్నది. ఎలుగుబంటియు, కృష్ణజింకయు మొదటి షెడ్యూలులోనివి. పంట మేసినవను కారణముచే వానిని కాల్చుటకు అనుమతి లేదు. చేనిలో కదలిన నల్లని ఆకారము పందియా, ఎలుగా, పొరుగు మంచెనుండి దిగివచ్చిన మన అన్నయా అను ప్రశ్న యెంతటిదో ఆలోచింపుడు.

ఇక ఆ యంత్రమన నేమి? ఒక మీట నొక్కగనే అది కంటికి కానరాని పరారుణ కిరణమును విడుచును. ఆ కిరణము ఎదుటి వస్తువునకు తగిలి మరలివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరమును లెక్కించి, లోపలనే అంకెలలో చూపును. వెలుగు సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గాన, 150 మీటర్లు పోయి మరలుటకు సెకండులో పదిలక్షలవ వంతు పట్టును. అంతటి స్వల్పకాలమును కొలుచుట మానవుని బుద్ధికుశలతకు నిదర్శనమే. జర్మనీ దేశపు లైకా సంస్థ 1992లో గియోవిడ్ అను పేర ఇట్టి దుర్భిణిని వెలువరించెను. తరువాత ఇతర సంస్థలును చేయుచున్నవి. పేరుగల ఐరోపా తయారీల వెల లక్షలలో నున్నది.

ఆ వస్తువు తన చోట మిక్కిలి ఉపయోగకరము. ఆల్ప్సు పర్వతములలో శామ్వా అను కొండమేకవంటి మృగమును పట్టపగలు లోయకు ఈవలినుండి ఆవలి చరియపై కాల్చుదురు. 100 మీటర్లకు గురి సరిచేసిన తుపాకి గుండు 300 మీటర్ల దూరమున జానెడుకు మించి క్రిందికి దిగును. అంతేకాక ఏటవాలున కాల్చునప్పుడు కంటిదూరము వేరు, గుండు దిగుదలకు లెక్కింపవలసిన దూరము వేరు. 30 డిగ్రీల వాలున 300 మీటర్ల దూరమును సుమారు 260 మీటర్లుగ లెక్కింపవలెను. మంచి యంత్రములు ఈ గణితమును కూడ తామే చేయును. గాయపడిన మృగము బాధపడి చావకుండుటకు అచ్చట ఈ కొలత అవసరము.

మన చేలలో సంగతి వేరు. మంచెనుండి పంది కనబడు దూరము మహాయైన 50, 60 గజములు. అంతమాత్రమునకు గుండు దిగుదల లెక్కకు రాదు. పైగా మొక్కజొన్న ఆకు అడ్డమైనచో కిరణము ఆకునకే తగిలి మరలివచ్చును. యంత్రము పంది దూరమునకు బదులు ఆకు దూరమును చెప్పును. మంచు కురియు వేళ, వానలో, దుమ్ములో కొలత తడబడును. పెట్టెపై ముద్రించిన గరిష్ఠదూరము తళతళలాడు వస్తువులకు సంబంధించినది. మృగము బొచ్చు అంత వెలుగును మరలింపదు. చీకటిలో ఆ అంకెల కాంతి తగ్గింపకున్నచో అరగంటసేపు చీకటి కలవాటుపడిన కన్ను క్షణములో చెదరును. అన్నిటికంటె ముఖ్యము, ఆ యంత్రము దూరమును చెప్పును గాని అచట నున్నది ఏమో చెప్పదు. దాని వెనుక ఎవరున్నారో అసలే చెప్పదు.

కావున మనకు కావలసినది అంకె కాదు, వెలుగు. చీకటివేళ ఎక్కువ వెలుగును కంటికి చేర్చు సాదా దుర్భిణి మనకు తగినది. దానిని ఎన్నుకొను విధము కష్టము కాదు. దుర్భిణిపై 8×42 అని యుండును. మొదటి అంకె ఎన్నిరెట్లు పెద్దదిగ చూపునో తెలుపును; రెండవది ముందు అద్దము అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. రెండవదానిని మొదటిదానిచే భాగించిన వచ్చునది కంటికి చేరు వెలుగుబిళ్ల కొలత. 8×42నకు అది 5 మిల్లీమీటర్లకు పైన, 7×50నకు 7, 10×25నకు రెండున్నర మాత్రమే. చీకటిలో పడుచువాని కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు విప్పారును. వయసు మీరినవారిది తరచుగ 5 దాటదు. నేడు పిల్లలు పట్టణములకు పోగా మంచెలపై కూర్చుండువారు హెచ్చుగ మనవంటి పెద్దవారే. మన కన్నులకు 8×42 చాలును. 7×50 బరువు హెచ్చు, అందలి అదనపు వెలుగు మన కంటిలో చొరదు.

పదేండ్ల క్రిందట నేనొక తిరునాళ్లలో 30×60 అని వ్రాసిన దుర్భిణి నొకదానిని మురిసిపోయి కొంటిని. అద్దములు కెంపువలె మెరయుచుండెను. ఇంటికి తెచ్చి చీకటిలో చూడగా నల్లని గోడ తప్ప ఏమియు కానరాలేదు. లెక్క వేసి యుండినచో ఆ వ్రాత నిజమైనను 2 మిల్లీమీటర్ల వెలుగే వచ్చునని తెలిసి యుండును. చేయి వణకునప్పుడు 30 రెట్లు పెంచినచో వణకును 30 రెట్లు పెరుగునని అప్పుడు నాకు తోచలేదు. అది నేటికిని అటకపై నున్నది.

కొనునప్పుడు సభ్యులు ఈ పరీక్షలు చేయవలెను. దుర్భిణిని చేయి చాచి ఆకాశమువైపు పట్టినచో కంటివైపు అద్దములలో వెలుగుబిళ్ల నిండు గుండ్రముగ కనబడవలెను. అంచులు నలుచదరముగ చీకటి పట్టరాదు. దూరపు కరెంటు స్తంభమును చూచినచో రెండు గొట్టములలోను కలిసి ఒకే స్తంభము కనబడవలెను, కన్ను లాగినట్లుండరాదు. కళ్లజోడు గలవారు జోడుతోనే చూచి, దృశ్యము నిండుగ కనబడునో లేదో తెలిసికొనవలెను. మంచుతడి లోపల చొరకుండ మూయబడినది కావలెను. పగటి దుకాణపు వెలుగులో ప్రతిదియు బాగుగనే కనబడును గాన, సంధ్యవేళ బయటకు తెచ్చి చూడనిదే సొమ్ము చెల్లింపరాదు.

మరి దూరమో? దానికి మన తాతలనాటి ఉపాయమే చాలును. పగటివేళ మంచె మొదట టేపు పట్టి 20, 40, 60, 80 గజముల దూరమున గట్లపై సున్నము కొట్టిన రాళ్లు పాతుడు. చీకటిలో దుర్భిణికి ఆ తెల్లరాయి కనబడును; పంది ఏ రాతికి దగ్గర నున్నదో తెలియును. ఆ రాయికి బ్యాటరీ అక్కరలేదు. కాల్చుటకు అనుమతి పొందినవానికి దూరపు కొలత కావలెనన్న వాడు తన యంత్రమును తానే తెచ్చుకొనును. పంట రైతుది, తుపాకి బాధ్యత వానిది.

ఒక దూరమాపక దుర్భిణికి పట్టు సొమ్ముతో సాదా దుర్భిణులు పలు కొనవచ్చును. వానిని ఊరి నాలుగు దిక్కుల మంచెలకు వంతులవారీగ ఇచ్చి, పుస్తకములో వ్రాసికొని, పంటకాలము ముగియగనే మరల సంఘము పెట్టెలో చేర్చవచ్చును. దుర్భిణితో ముందుగ చూచినవాడు ముందుగ కేక వేయును. నాలుగు మంచెలవారు కలిసి కేక వేసినచో తుపాకి లేకనే గుంపు మరలును. కరెంటు తీగలు పరచి పందులతో మనుష్యులను కూడ బలియిచ్చు దురాచారము మాన్పుటకు ఇదియే మార్గము.

చూచుట మొదటిది, కొలుచుట రెండవది, కాల్చుట కడపటిది. ఉమ్మడి సొమ్మును ఈ వరుసలోనే వెచ్చింపవలెనని నా మనవి. రాబోవు సమావేశమున సభ్యులు చర్చించి, యుక్తమని తోచినచో ఆమోదింతురు గాక.

ఒక సభ్యుడు