‘నో ఫాల్ట్ కోడ్స్’ అని చూపిస్తే క్లచ్ బాగున్నట్టేనా?

ఓబీడీ డాంగిల్ కొన్న అందరిలాగే నేనూ మొదటి వారం ఆఫీస్ పార్కింగ్‌లో ఫ్రెండ్స్ కార్లన్నిటికీ పెట్టి చూసా. బ్లూటూత్ కనెక్ట్ అవుతుంది, ఫోన్‌లో ఆర్పీఎం, కూలెంట్ టెంపరేచర్ కదులుతుంటాయి, ఇక మెకానిక్‌తో పనేముంది అనిపిస్తుంది. ఆ భ్రమ నాకు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర వదిలింది.

నాన్న వాడి నాకిచ్చిన 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. గ్రీన్ పడింది, క్లచ్ అడుగుదాకా తొక్కా, ఫస్ట్ గేర్ పడదే! వెనకాల హారన్లు, పక్క సీట్లో అమ్మ. కాసేపు కుస్తీ పట్టాక పడింది. ఇంటికొచ్చి రివర్స్ వేస్తే కర్ర్‌మని శబ్దం. వెంటనే డాంగిల్ పెట్టా. ‘నో ఫాల్ట్ కోడ్స్’ అంది యాప్.

మర్నాడు దగ్గర్లోని గ్యారేజ్‌లో చూపిస్తే ఒక్క రౌండ్ నడిపి, "ప్లేట్ స్లిప్ అవుతోంది సార్, గేర్‌బాక్స్ దించి సెట్ మొత్తం మార్చాలి" అన్నాడు. ఎస్టిమేట్ 9,500 రూపాయలు. ఒకరు ఏమీ లేదంటారు, ఒకరు మొత్తం మార్చాలంటారు. నా ఉద్దేశంలో ఇద్దరిదీ ఒకటే తప్పు. అసలు పరీక్ష ఎవరూ చేయలేదు.

డాంగిల్‌ని తిట్టి లాభం లేదు. ఈసీయూ చూసేది ఎక్కువగా ఇంజిన్, పొగకి సంబంధించిన సెన్సర్లని. క్లచ్ ప్లేట్ ఎంత అరిగిందో కొలిచే సెన్సర్ ఇలాంటి కార్లలో ఉండదు. మహా అయితే పెడల్ దగ్గర ఒక స్విచ్ ఉంటుంది, అదీ తొక్కామా లేదా అని చెప్పడానికే. మనం లాగింగ్ పెట్టని మాడ్యూల్‌లో ఎర్రర్ కనపడలేదని సంబరపడితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

ఆ రాత్రి గుంటూరులో నాన్న కారు చూసే మెకానిక్ బాబాయ్‌కి ఫోన్ చేశా. ఆయన ఎస్టిమేట్ ఎంతని కూడా అడగలేదు. "ఇంజిన్ ఆపు బాబూ. ఇప్పుడు అన్ని గేర్లూ వేసి చూడు" అన్నారు. వేశా, వెన్నలా పడ్డాయి. "స్టార్ట్ చేసి వెయ్." పడట్లేదు. "క్లచ్ గబగబా మూడుసార్లు కొట్టి వెయ్." పడింది!

ఇంత చిన్న పరీక్ష నాకెందుకు తట్టలేదా అని సిగ్గేసింది. ఇంజిన్ ఆపినప్పుడు కూడా గేర్లు బిగుసుకుపోతే తేడా గేర్ కేబుల్‌లోనో లింకేజ్‌లోనో గేర్‌బాక్స్ లోపలో ఉన్నట్టు. (ఒక్కోసారి లోపల పళ్లు ఎదురెదురుగా ఆగి ఒక గేర్ పడదు, కారుని కొంచెం ముందుకి తోసి మళ్లీ వేయాలి.) ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడే మొరాయిస్తే, తొక్కినా క్లచ్ పూర్తిగా విడవట్లేదన్నమాట. పెడల్ కొడితే బాగవుతోందంటే హైడ్రాలిక్ లైన్‌లో గాలి చేరడమో, ఆయిల్ కారడమో అయ్యుంటుంది. కేబుల్ క్లచ్ ఉన్న కార్లలో అయితే ముందు కేబుల్, దాని అడ్జస్ట్‌మెంట్ చూసుకోవాలి.

ఇక్కడే గ్యారేజ్ మాట నాకు అతకలేదు. స్లిప్ అంటే ప్లేట్‌కి పట్టు చాలకపోవడం. నాది పట్టు వదలకపోవడం. రెండూ పూర్తిగా ఎదురెదురు రోగాలు. స్లిప్ అయితే గేర్లు మామూలుగానే పడతాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ అరుస్తుంది, కారు మాత్రం ఊపందుకోదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాడిన వాసన కూడా రావచ్చు.

అయినా అనుమానం తీరాలిగా. ఇక్కడ మాత్రం డాంగిల్ పనికొచ్చింది. గేర్ మారనంతసేపూ ఆర్పీఎంని స్పీడ్‌తో భాగిస్తే ఒకటే నంబర్ రావాలి. క్లచ్ జారితే ఆ నంబర్ పైకి లేస్తుంది. బ్రేక్‌కీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్ డబ్బా మా కారులో. లెవెల్ మిన్ గీత దాకా దిగింది. అది నింపి, బ్రేక్ గట్టిగా ఉందని చూసుకుని, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో లాగ్ తీశా. 40 దగ్గర సుమారు 1,400, 60 దగ్గర 2,100. గట్టిగా తొక్కినా 35 అటూ ఇటూనే. అంటే స్లిప్ లేదు. ఒక్క కోడ్ కూడా చూపని డాంగిలే, రెండు మామూలు నంబర్లతో అసలు సంగతి చెప్పింది. రివ్యూల్లో ఎన్ని వేల కోడ్లు చదువుతుందో రాస్తాం గానీ, ఈ వాడకం గురించి నేనూ ఎప్పుడూ రాయలేదు.

శబ్దాలు కూడా డేటానే. న్యూట్రల్‌లో క్లచ్ తొక్కగానే గీ మని మొదలైతే రిలీజ్ బేరింగ్ మీద అనుమానం. వదిలినప్పుడు ఉండి, తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ వైపు చూడాలి. ఒక్క గేర్‌లోనే కర్ర్‌మంటే చాలావరకు ఆ గేర్ సింక్రొనైజర్ అరిగినట్టు.

అదే గ్యారేజ్‌కి మళ్లీ వెళ్లా. నా గ్రాఫ్ అతను చూడనైనా చూడలేదు. "ఇంజిన్ ఆపితే గేర్లన్నీ పడుతున్నాయన్నా, స్లేవ్ సిలిండర్ ఒకసారి చూడవా" అన్నాను. దాని రబ్బరు తొడుగు వేలితో ఎత్తి చూస్తే లోపలంతా తడి. "అవును సార్, ఇది లీక్" అన్నాడు, అదేదో అప్పుడే తెలిసినట్టు! సిలిండర్, ఆయిల్, గాలి తీయడం, కూలీ అన్నీ కలిపి 1,900 అయ్యింది. గేర్‌బాక్స్ దించలేదు. అందరి క్లచ్‌కీ ఇంత చవకగా పోతుందని చెప్పను. కొన్ని కార్లలో ఆ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, అప్పుడు దించక తప్పదు.

ఇప్పుడు రివర్స్ చప్పుడు లేకుండా పడుతోంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సెకండ్ గేర్ మాత్రం కొంచెం గరగరమంటోంది. బాబాయ్‌కి చెప్తే, "ముందు గేర్ ఆయిల్ మార్చి చూడు బాబూ, తర్వాత మాట్లాడదాం" అన్నారు. శనివారం మారుస్తున్నా.