హాఫ్ లారీకి ఐదు దినార్లు ఇవ్వండి

కువైట్‌లో పెట్రోలు చవక. అందుకని మనవాళ్ళు ఉద్యోగంలో కాస్త కుదురుకోగానే పాత సెడాన్ అమ్మేసి ఒక మిడ్‌సైజ్ ఎస్‌యూవీ కొంటారు. తప్పేం లేదు, నాకూ ఒకటుంది. గొడవంతా "ఇంత పెద్ద బండి పెట్టుకుని మళ్ళీ కిరాయి బండెందుకూ?" అనుకోవడం దగ్గర మొదలవుతుంది. నమ్మకం లేకపోతే ఏ శనివారమో షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో కలప దుకాణాల ముందు ఓ పావుగంట నిలబడి చూడండి. మెరిసిపోయే బండి నెత్తిన రెండు ప్లైవుడ్ షీట్లు పెట్టి, కొబ్బరితాడు లాంటిదేదో కిటికీల్లోంచి దూర్చి కట్టి, డ్రైవరు ఎడం చెయ్యి బయటికి చాపి షీటుని పట్టుకుని మరీ నడుపుతుంటాడు. ఆ చెయ్యి ఏం ఆపుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మనలాంటి ఉద్యోగస్తులు ఇక్కడ స్థలం కొని ఇల్లు కట్టేది లేదు కదా, మరి ఈ సామానెందుకూ అంటారేమో. పిల్లాడికి రాతబల్ల, పుస్తకాల అరలు, దసరాకి బొమ్మల కొలువు మెట్లు, సంక్రాంతి నాటకానికి స్టేజి వెనక తెర.. కావాల్సినవి చాలానే ఉంటాయి. (గదిని రెండు చేసే పార్టిషన్ కోసమైతే మాత్రం దయచేసి వద్దు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో మంటలు అంతగా పాకడానికి గదుల మధ్య పెట్టిన మండే పార్టిషన్లు కూడా ఒక కారణమన్నారు. ఆ పోయినవాళ్ళలో మన గోదావరి, శ్రీకాకుళం వాళ్ళూ ఉన్నారు.)

అసలు సంగతి కొలతల్లో ఉంది. ప్లైవుడ్ షీటు అంటే 8 అడుగులు పొడవు, 4 అడుగులు వెడల్పు, అంటే 244 బై 122 సెంటీమీటర్లు. నా బండిలో సీట్లన్నీ పడుకోబెట్టి టేపు పెట్టి కొలిస్తే వెనక చక్రాల ఉబ్బుల మధ్య 108, పొడవు 190. ఎటు తిప్పినా పట్టదు. అమెరికాలో మన మిత్రులు చిన్నచూపు చూసే మినీవ్యాన్, ఆ ఒడిస్సీలూ సియెన్నాలూ, ఇదే షీటుని బల్లపరుపుగా పడుకోబెట్టుకుని తలుపు కూడా మూసేసుకుంటాయి. ఎస్‌యూవీ ఎత్తు చూసి మనం మోసపోతాం. ఆ ఎత్తులో కొంత నేలకీ బండికీ మధ్య ఉన్న ఖాళీయే.

సరే, లోపల పట్టకపోతే పైన పెడదాం అంటారు. 18 ఎం.ఎం. షీటు ఒక్కోటి 30 కిలోల పైచిలుకు. టాపు మీద సాధారణంగా 75 నుంచి 100 కిలోలకి మించొద్దని కారు పుస్తకంలోనే రాసి ఉంటుంది, అంటే రెండు షీట్లు ఫరవాలేదు. కానీ ఇక్కడ అసలు ప్రమాదం బరువు కాదు, గాలి. గంటకి 120 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒక్కో చదరపు మీటరునీ దాదాపు 68 కిలోల బరువంత బలంగా తోస్తుంది. షీటు సుమారు 3 చదరపు మీటర్లు. ముందు అంచు కాస్త లేచి అది గాలికి అడ్డంగా నిలబడిందా, 200 కిలోల తోపు. కొబ్బరితాడు ఆగుతుందా? వేగం సగానికి తగ్గిస్తే ఆ తోపు నాలుగోవంతుకి పడిపోతుంది, నిజమే. కానీ ఆరో రింగ్ రోడ్డు మీద 60లో వెళ్ళి చూడండి, వెనకొచ్చేవాడు మీ డిక్కీలోకే వచ్చేస్తాడు. దీనికి తోడు ఎండాకాలం షమాల్ గాలి. అది మన వేగంతో పని లేకుండా పక్కనుంచి కొడుతుంది.

ఇంకో పద్ధతి డిక్కీ తలుపు తెరిచి సామాను బయటికి వేలాడేసుకుని వెళ్ళడం. పొగ లోపలికొస్తుంది. నంబరు ప్లేటూ లైట్లూ కనపడవు. మా స్నేహితుడొకడు బావమరిదిని ముందు సీట్లో వంచి కూర్చోబెట్టి, నెత్తిమీదుగా వచ్చిన షీటు కొసని పట్టుకోమన్నాడు. బెల్టు పెట్టుకునే వీలు లేదు. 2025 ఏప్రిల్ 22న అమల్లోకొచ్చిన కొత్త ట్రాఫిక్ చట్టం ప్రకారం బెల్టు లేకపోతేనే 30 దినార్లు. కిరాయి మిగిల్చుకోవడానికి ఇదంతా! గట్టిగా బ్రేకు పడితే ఆ షీటు ఎటు పోతుందో బావమరిదికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఊళ్ళో ట్రాక్టరు వెనకాల ఇనప చువ్వలు వేలాడుతూ, కొసకి ఎర్రగుడ్డ కట్టి వెళ్ళడం మనందరం చూసిందే. చీకట్లో ఆ గుడ్డ ఎవరికీ కనపడదు. లారీ వెనక సామాను 1 మీటరు దాకా బయటికి ఉండొచ్చన్న వెసులుబాటుని మన కేంద్ర ప్రభుత్వం 2014లో తీసేసింది కూడా. చువ్వల పని ఎప్పుడూ వెనకొచ్చే స్కూటరు మనిషి మీదే కదా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఎస్‌యూవీ చేసే పనులూ ఉన్నాయి. పెయింటు డబ్బాలు, కుళాయి సామాను, టైల్స్. అయితే టైల్స్ విషయంలో లెక్క చూసుకోండి. 60 బై 60 సైజువి ఒక పెట్టె 30 కిలోల దాకా తూగుతుంది. చాలా మిడ్‌సైజ్ బళ్ళు మనుషులతో కలిపి మోయగలిగేది 500 నుంచి 700 కిలోలే. నలుగురెక్కాక మిగిలేది ఎంతో వేసుకోండి. ఇక ప్లైవుడ్డే కావాలంటే కొలతలు కాగితం మీద రాసుకెళ్ళి షాపులోనే కోయించేసుకోవచ్చు. ముక్కలైతే డిక్కీలో హాయిగా పడతాయి. మా కొలువు మెట్లు ఒక ఏడాది అలాగే వచ్చాయి.

కోయడానికి వీల్లేనిదైతే హాఫ్ లారీ. ఇక్కడివాళ్ళు పికప్‌ని వనెట్ అంటారు, మనవాళ్ళకి మాత్రం అది హాఫ్ లారీయే. క్రితంసారి నాకు దొరికినాయనది రాయచోటి దగ్గర పల్లె. నా బండి వంక ఓసారి చూసి, "ఏమన్నా, ఇంత పెద్ద బండి పెట్టుకోని మమ్మల్ని పిలిచినావే?" అని నవ్వాడు.

"నాది పట్టదన్నా, చూడ్డానికే పెద్దది."

"ఆ మాట ఎవురూ ఒప్పుకోరులే" అంటూనే షీట్లని పడుకోబెట్టి, మూలల్లో పాత టైరు ముక్కలు పెట్టి, రెండు తాళ్ళు అడ్డంగా ఒకటి నిలువుగా బిగించేశాడు. ముందు అంచు మీద ఇంకో తాడు. ఎందుకన్నా అంటే, "గాలి కిందికి దూరిందంటే రెక్కయిపోతాదన్నా, ఎగిరిపోతాది" అన్నాడు. నేను పైన రాసిన లెక్కంతా ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఫర్వానియా దాకా తీసుకున్నది 5 దినార్లు, అంటే మన డబ్బుల్లో పదిహేను వందలకి కాస్త తక్కువ. అది దండగని వాదించేవాళ్ళు శుక్రవారం బిర్యానీకి ఎంత పెడతారో నాకు తెలుసు. డాలస్‌లో ఉన్న మిత్రుడు "మేమైతే మా సామాను మేమే తెచ్చుకుంటాం" అని గొప్పగా అంటుంటాడు. హోమ్ డిపో వాడు కొట్టు ముందే పికప్‌లు పెట్టి గంటల లెక్కన అద్దెకిచ్చేది ఎవరికోసమో మరి!

పిలిచేముందు ఒక్కటి చూసుకోండి. మీ బిల్డింగ్ లిఫ్టులో 8 అడుగుల షీటు పడుతుందా? మాదాంట్లో పట్టలేదు. నాలుగో అంతస్తుకి మెట్లమీంచి మోయడానికి షీటుకింత అని వేరే. అది కూడా బయల్దేరకముందే మాట్లాడేసుకోండి, అక్కడికెళ్ళాక కాదు.