పాత వాహనం కొనే ముందు

కుటుంబం పెద్దది, ఆదాయం పరిమితం అయినప్పుడు ప్రయాణమే ఒక సమస్య అవుతుంది. వృద్ధులైన తల్లిదండ్రులు, పసిపిల్లలు, సామాను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి బంధువుల ఊరు చేరడం ఎంతటి ప్రయాసో అనుభవించిన వారికే తెలుసు. అందుకే ఏడెనిమిది మంది కూర్చునే పాత బండి ఒకటి కొనుక్కుందామనే మాట ఇటీవల చాలా ఇళ్లలో వినవస్తోంది. వడ్డీ అప్పుతో కొత్తది తెచ్చుకోవడం కంటే ఉన్నంతలో పాతది కొనడమే వివేకం. అయితే పాత వాహనపు లోపాలు పైకి కనిపించవు. పదేళ్ల పొదుపు ఒక్క పూటలో చేజారకుండా ఏమేమి చూసుకోవాలో ఈ నెల ముచ్చటించుకుందాం.

ముందుగా డబ్బు సంగతి. చేతిలో నాలుగు లక్షలుంటే నాలుగు లక్షల బండిని చూడరాదు. మూడు లక్షల దాన్నే చూడాలి. మిగిలిన లక్ష టైర్లకు, బ్యాటరీకి, క్లచ్ ప్లేట్లకు, బీమాకు, పేరు మార్పిడికి అవసరమవుతుంది. మొత్తం సొమ్ము అమ్మినవాని చేతిలో పోసి, మొదటి మరమ్మతుకే అప్పు కోసం పరుగెత్తే వారిని మేము చాలామందిని చూశాము.

బండి ఎంపికలో అందం కంటే విడిభాగాల లభ్యత ముఖ్యం. ఉదాహరణకు, షెవర్లే సంస్థ 2017 చివరలో మన దేశంలో అమ్మకాలు నిలిపివేసింది. అందువల్ల ఆ సంస్థ చేసిన తవేరా తక్కువ ధరకు వస్తుందని సంబరపడే ముందు, దాని భాగాలు మన ఊళ్లో దొరుకుతాయా, దాన్ని విప్పి బిగించగల మెకానిక్ ఉన్నాడా అని విచారించాలి. నెలకు రెండుసార్లు మాత్రమే బయటికి తీసే కుటుంబానికి డీజిల్ బండి కంటే పెట్రోలు బండి నిర్వహణే సాధారణంగా తేలిక.

ఇక పరీక్ష. బండిని పగటి వెలుతురులోనే చూడాలి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే ఇంజిన్‌ను నడిపి సిద్ధం చేశారని అర్థం. చల్లారే వరకు ఆగి, మీ ఎదుటే స్టార్టు చేయించండి. సైలెన్సర్ నుండి నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిలు తాగుతోంది. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి చేరుతున్నదని అనుమానించాలి. ఆయిలు పోసే మూత విప్పినప్పుడు మీగడవంటి జిగురు కనిపించినా అదే అనుమానం.

టైరు పక్క గోడపై నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మీటరు ముప్పై వేల కిలోమీటర్లే చూపుతున్నా బ్రేకు పెడల్ రబ్బరు అరిగిపోయి, స్టీరింగు నున్నబడి ఉంటే ఆ అంకెను నమ్మకండి. సర్వీసు సెంటరులో ఉన్న పాత రికార్డు అడగండి. తలుపుల సందులు రెండు వైపులా సమంగా ఉన్నాయో లేదో చూడండి. ఇనుప రేకు మీద ఒకచోట అయస్కాంతం అంటుకోకపోతే అక్కడ లప్పం పెట్టి రంగు వేశారని గ్రహించండి.

వరదల్లో మునిగిన బండ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోను ఎన్నో వాహనాలు నీట మునిగాయి. మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చితే చూపుకు దోషం కనబడదు. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడండి, బురద చార తెలుస్తుంది. కాళ్లకింది మ్యాట్ ఎత్తి సీటు పట్టాల తుప్పు చూడండి. మా విద్యార్థి ఒకని తండ్రి ఇవేవీ చూడక, తళతళలాడే రంగు చూసి ఒక వ్యాను కొన్నారు. మూడు నెలలు తిరగకముందే వైరింగు ఒక్కొక్కటిగా చెడిపోయి, ఒక రాత్రి ఆడవాళ్లతో, పిల్లలతో జాతీయ రహదారి మీద దీపాలు ఆరిపోయిన బండిలో నిలిచిపోయారు. ప్రాణాలు దక్కాయి. కానీ పిల్ల పెళ్లికని దాచిన సొమ్ములో కొంత దాని మరమ్మతుకే పోయింది. మీకు తెలిసిన మెకానిక్‌కు కొంత రుసుము ఇచ్చి వెంట తీసుకువెళ్లడం ఖర్చు కాదు, రక్షణ. ఆ మెకానిక్ అమ్మేవాని మనిషి కాకూడదు.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లను బండి మీది అంకెలతో స్వయంగా సరిపోల్చుకోవాలి. ప్రైవేటు వాహనపు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపై ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. కనుక పద్నాలుగేళ్ల బండి ధరలో ఆ ఖర్చునూ లెక్కించాలి. ఆర్‌సీ మీద హైపోథికేషను ఉంటే అప్పు ఇచ్చిన సంస్థ నుండి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకున్న తరువాతనే సొమ్ము చెల్లించాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు కావాలి. పరరాష్ట్రపు బండికి ఎన్‌ఓసీతో పాటు ఇక్కడి పన్ను భారం కూడా ఉంటుంది. పెండింగు చలాన్లు, బీమా గడువు చూసుకోవడం మరువకండి. బీమాను మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి.

పాత వ్యాను కొని, సీట్లు తీసి, మంచాలు, స్టవ్వు అమర్చి ఇంటిలా మార్చుకోవాలని కొందరు యువకులు ఉబలాటపడుతుంటారు. ఆర్‌సీలో నమోదైన నిర్మాణాన్ని రవాణా శాఖ అనుమతి లేకుండా మార్చడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ అదే సాకు చూపవచ్చు.

ఇప్పుడు ధర్మం మాట. బండి నచ్చగానే బయానా ఇస్తాము. తరువాత బేరం చెడితే అమ్మినవాడు ఆ సొమ్ము ఉంచుకోవచ్చునా? హనఫీ పండితులతో సహా అధికసంఖ్యాకులు కూడదన్నారు. ఇమాం అహ్మద్ అనుమతించారు. కనుక ఇచ్చేటప్పుడే ఏ షరతు మీద ఇస్తున్నామో సాక్షుల ఎదుట వ్రాసుకుంటే తగవు రాదు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేందుకు మూడు రోజుల గడువు కోరే హక్కును మన ఫిఖ్‌హ్ కొనేవానికి ఇచ్చింది. దాన్ని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. వాయిదాల మీద కొనేటట్లయితే మొత్తం ధర, గడువు ఒప్పందం నాడే తేలాలి. ఆలస్యమైతే పెరిగే సొమ్ము వడ్డీయే.

అమ్మేవారికి కూడా ఒక మాట. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి లోపలి తడిని కనుగొన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం), తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని నిలదీశారు. లప్పం కింద దాచిన తుప్పు, వెనక్కి తిప్పిన మీటరు ఆ తడిసిన గింజల వంటివే. “ఉన్నది ఉన్నట్లు ఇస్తున్నాను” అనడం వేరు, తెలిసిన దోషాన్ని కప్పిపుచ్చడం వేరు. రెండవది నేరం.

అంతేకాదు, బండి ఇచ్చేసి సొమ్ము అందుకోగానే బాధ్యత తీరిపోయిందనుకోవడం పొరపాటు. ప్రమాదం జరిగిన నాడు ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే చట్టం దృష్టిలో యజమాని అనీ, పరిహారానికి వారే బాధ్యులనీ 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ బండి మధ్యలో ముగ్గురు నలుగురి చేతులు మారినా అంతే. అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు 14 రోజుల్లోగా అమ్మినవారు రవాణా శాఖకు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లోగా పేరు మార్పించుకోవాలి. అన్నదమ్ముల మధ్య జరిగిన అమ్మకమైనా సరే, ఇద్దరూ కలిసి వెళ్లి ఆ పని పూర్తి చేసుకుని రండి.