రిపోర్టులో కనిపించని నొప్పి

ఫజర్ వేళకు మా ఆపా చేతివేళ్లు ముడుచుకోవు. వుజూ చేసుకోవడానికి కొళాయి తిప్పమని కోడలిని పిలవవలసి వస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన ఇళ్లలో పెద్దలు గఠియా అనే వ్యాధి, ఆమెకు వచ్చి తొమ్మిదేళ్లయింది. గత రంజాన్‌కు ముందు చేయించిన పరీక్షలలో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ అదుపులోనే ఉన్నాయి. కీళ్ల వాపు కూడా చాలావరకు తీసింది. నొప్పి మాత్రం పోలేదు.

"రిపోర్టులు బాగున్నాయి కదా ఆపా, ఇంకా నొప్పి ఏమిటి?" అన్నది మేమే. ఆమె బదులు చెప్పలేదు. ఆ తరువాత మా ఎదుట నొప్పి మాట ఎత్తడమే మానుకున్నారు. ఆ మౌనం మనసులో ముల్లులా ఉండిపోయి, ఈ విషయమై చదవనారంభించాము.

కీలులో ఎముకల కొసలను కప్పి ఉండే మృదులాస్థికి నాడులు లేవు. నొప్పిని తెలిపేవి కీలు లోపలి పొరలోనూ, దానిని చుట్టిన సంచిలోనూ, ఎముకలోనూ ఉన్న నాడీ కొసలు. ఆ కొసల మీద గ్రాహకాలనే సూక్ష్మమైన ద్వారాలుంటాయి. వాటిలో ఒకటి టీఆర్‌పీవీ1. మిరపకాయ కొరికినప్పుడు నోరు మండేది దీనివల్లనే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీనిని గుర్తించింది. 2021లో ఆయనతో పాటు నోబెల్ అందుకున్న ఆర్డెమ్ పటపూటియన్ లెబనాన్‌లోని బేరూత్‌లో పుట్టినవారు. ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాలను కనుగొన్నది ఆయన బృందం.

టీఆర్‌పీవీ1 సాధారణంగా సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. వాపు ఉన్న చోట పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్, ఆమ్లత ఆ హద్దును బాగా దించివేస్తాయి. అప్పుడు మన ఒంటి వేడి, అంటే 37 డిగ్రీలు కూడా, దానిని తెరవడానికి చాలవచ్చు. బయట ఏ నిప్పూ లేకుండానే కీలు మండుతున్నదని రోగి అనడంలో అతిశయోక్తి ఏముంది?

మరొక సంగతి మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. కీళ్లలో కొన్ని నాడులు మామూలు రోజులలో నిద్రాణంగా ఉంటాయి, ఎంత వంచినా పలకవు. వాపు వచ్చిన పిదప మేల్కొని చిన్న కదలికకే పలుకుతాయి. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలు వాపును పెంచడంతో ఆగక నేరుగా నాడినే రెచ్చగొడతాయి. ఈ రొద నెలలు, ఏళ్లు సాగితే వెన్నుపాములోని కణాలు సైతం మారి, అందిన కబురును పెంచి పంపుతాయి. ఆ దశలో కీలు చల్లబడినా నొప్పి నిలిచిపోవచ్చు. ఈఎస్‌ఆర్ కొలిచేది వాపును. నాడి ఎంత ఉద్రేకంగా ఉన్నదో ఆ కాగితం చెప్పదు.

అలాగని నాడి నోరు పూర్తిగా మూయించడమూ క్షేమం కాదు. గ్రాహకాలను పెంచే నాడీవృద్ధి కారకాన్ని అడ్డుకునే టానెజుమాబ్ అనే మందును మోకాళ్ల అరుగుదలకు పరీక్షించారు. నొప్పి తగ్గింది గానీ కొందరిలో కీలు త్వరగా దెబ్బతిన్నది. 2021లో ఆ ప్రయత్నాన్నే విరమించారు.

ఇక్కడ సోదరీమణులకు ఒక మాట. నొప్పి పోలేదు గనుక మందు పనిచేయడం లేదని మెథోట్రెక్సేట్‌ను సొంతంగా మానవద్దు. కీలు వంకర పోకుండా కాపాడేది అటువంటి మందులే. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు, రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలతో నెలలు గడపవద్దు. మిరప సారం కలిసిన పూతమందులున్నాయి. మొదట మండించి క్రమంగా నాడీ కొసలను మొద్దుబారుస్తాయి. అయితే ఇది చదివి ఎవరూ గుంటూరు కారం నూరి మోకాలికి పట్టించకండి!

మొన్న ఆపాను మళ్లీ వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాము. "వాపు తగ్గినా నొప్పి ఉన్నది" అని ఈసారి మేమే ముందుగా చెప్పాము. ఆయన కీళ్లను పరీక్షించి, రాత్రి నిద్ర ఎంతసేపు పడుతున్నదని అడిగారు. ఇన్నేళ్లలో మేము ఆ ప్రశ్న అడగనేలేదు. నిద్ర చెడితే నొప్పి హెచ్చుతుందట. పాత మందులు కొనసాగిస్తూ మరొకటి చేర్చారు, రోజూ కొంత నడవమన్నారు.

ఇంట్లో కొళాయికి పొడవాటి పిడి వేయించాము. ఆపా ఇప్పుడు మోచేతితోనే తిప్పుకుంటున్నారు. నొప్పి ఎలా ఉన్నదని అడిగితే, ఉన్నదనే చెబుతున్నారు.